పశువుల కొట్టంలో నా మొదటి పేజీ వార్త

విలేకరి పనిలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి నా పాత కత్తిరింపుల పుస్తకం తిరగేస్తుంటారు. మొదటి పుట దగ్గర ఆగిపోతారు. అక్కడ కాగితం ముక్క ఉండదు, నాలుగు మూలలా ఎండిన గోందు మరకలే ఉంటాయి. ఎవరో దొంగిలించారనుకుని జాలిపడతారు. ఎవరూ దొంగిలించలేదు, నేనే పీకి ఇచ్చాను. అది పత్రిక మొదటి పేజీలో అచ్చయిన నా మొట్టమొదటి వార్త. చివరిసారి చూసినప్పుడు అది బోధన్ నుంచి చందూర్ పోయే దారిలో ఒక ఊళ్లో, పశువుల కొట్టంలో, గుంజకు అంటించి ఉంది. ఉండాల్సిన చోటే ఉంది. ఎందుకో చెప్తాను, మీకు పనికిరావచ్చు.

డెబ్బైల మొదట్లో నేను బోధన్‌లో ఒక హైదరాబాద్ దినపత్రికకు విలేకరిని. సైకిల్ షాపు మీద ఒక గది, ఒక బల్ల, వాన పడితే బల్ల మీద పట్టడానికి ఒక గొడుగు. కాగితానికి ఒకవైపే రాసి, కవరులో పెట్టి, మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికిస్తే ఆయన దాన్ని సీటు వెనక దోపుకునేవాడు. ఒక్కోసారి ఆ కవరు హైదరాబాద్ చూసి, ఎవరికీ అందకుండా, మర్నాడు అదే బస్సులో నా దగ్గరికే తిరిగొచ్చేది. అందిన రోజుల్లో నా వార్త నాలుగో పేజీ అడుగున, తలనూనె ప్రకటన నెత్తిన కూర్చునేది. చెరుకు బండి బోల్తా పడింది. కాలువలో బర్రె పడింది, బతికింది. ఫ్యాక్టరీ కూత పది నిమిషాలు ఆలస్యమైంది. మూడేళ్లు ఇవే రాశాను. జిల్లా వార్తలు చూసే పెద్దమనిషి చివరికి ఒక పోస్టుకార్డు రాశాడు. చెరుకు బండ్లు చాలు, మనుషుల వార్త పంపు, అని.

అప్పటినుంచి వారానికోసారి నిజామాబాద్ పోయి, మనుషుల వార్త కోసం ఆఫీసులు తిరగడం మొదలుపెట్టాను. అట్లా మలేరియా ఆఫీసుకు అలవాటు పడ్డాను. అక్కడ కిటికీ పక్కన ఎత్తు స్టూలు మీద మైక్రోస్కోపు ముందు ఒకాయన కూర్చునేవాడు. ఆదివారం చర్చిలో పాట అందుకుంటే వీధి చివరిదాకా వినపడే గొంతు ఆయనది. మిగతా ఆరు రోజులూ ఒక కన్ను మూసుకుని, నోరు కూడా మూసుకుని పనిచేసేవాడు. ఎండను అద్దం మీదికి మళ్లించి చూసే మైక్రోస్కోపు కాబట్టి, మబ్బు పట్టినప్పుడు మాత్రం మాట్లాడేవాడు. నేను మబ్బు చూసుకుని పోయేవాణ్ని.

ఆయన దగ్గరికి రక్తం ఊళ్లనుంచి వచ్చేది. ప్రతి ఊరికీ పదిహేను రోజులకొకసారి సైకిల్ మీద మలేరియా వర్కరు పోవాలి. ఇంటింటికీ నిలబడి, ఎవలకన్న జరమొచ్చిందా అని అడగాలి. వచ్చినవాళ్ల వేలు పొడిచి, ఒక్క చుక్క గాజు పలక మీద, అంటే స్లైడు మీద, తీసుకోవాలి. నాలుగు చేదు మాత్రలిచ్చి, వచ్చిపోయినట్టు తలుపు పక్క గోడ మీద అచ్చు వేసిన గడిలో తారీఖు వేయాలి. పనల్లా ఇంతే. చందూర్ వైపు ఊళ్లు చూసే వర్కరు నా ఈడువాడే, నా గది కింద సైకిల్ షాపులోనే గాలి కొట్టించుకునేవాడు. ఊళ్లల్లో ఆయన్ని జరం సారు అనేవాళ్లు. గోడ మీద తారీఖు వేయడంలో ఆయనను మించినవాడు లేడు, రాత ముత్యాల్లా ఉండేది. వేలు పొడవడం దగ్గరే కొంచెం మొహమాటం. ఎవరైనా వద్దంటే సరే అనేవాడు. మజ్జిగ ఇస్తామంటే దానికీ సరే అనేవాడు.

ఆ ఏడు నిజామాబాద్‌కు కొత్త ఆఫీసరు వచ్చాడు. వచ్చీ రాగానే, ఏడాది నిండని పసిపిల్లల రక్తం తప్పనిసరిగా పంపాలన్నాడు. దానికి కారణముంది. పెద్దవాళ్లు నాలుగూళ్లు తిరిగి జ్వరం ఎక్కడో తగిలించుకుని వస్తారు. పసిపిల్ల ఎక్కడికీ పోదు. ఆ పిల్ల రక్తంలో మలేరియా కనిపించిందంటే ఆ ఊరి దోమే కుట్టినట్టు. బాగానే ఉంది. కాని నిద్రపోతున్న పసిపిల్ల వేలు సూదితో పొడుస్తానని తల్లులతో చెప్పాల్సింది ఆఫీసరు కాదు, మా మజ్జిగ వర్కరు. ఒక ఊరి రిజిస్టరులో పదకొండు మంది పసిపిల్లలుంటే ఒక్క స్లైడూ రాలేదేమని ఆఫీసరు ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి అడిగాడు. వచ్చే స్లైడ్ల డబ్బాలో పదకొండూ ఉండాలి, లేకపోతే సైకిలూ సంచీ ఇక్కడ పెట్టి ఇంటికి పో, అన్నాడు.

వచ్చే డబ్బాలో పదకొండూ ఉన్నాయి.

దసరా పోయి దీపావళి ఇంకా రాని రోజులవి. నేను మబ్బు చూసుకుని పోయేసరికి, స్టూలు మీది ఆయన నేను అడక్కుండానే రమ్మని చెయ్యూపాడు. మబ్బు కాస్త విడగానే ఒక స్లైడు పెట్టి చూడమన్నాడు. నాకు నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. అద్భుతం అన్నాను. అప్పుడు ఆయన మెల్లగా వివరించాడు. రక్తకణాల్లో చిన్న చిన్న జీవులున్నాయి. మలేరియావి కావు. జామకాయల్లా ఉన్నాయి, రెండేసి, తొడిమల దగ్గర అతుక్కున్నట్టు. ఇవి పశువుల చెవుల్లో పట్టే గోమార్ల వల్ల వస్తాయని ఆయన ఎప్పుడో శిక్షణలో చదివాడట. గోమారి కుడితే ఈ జీవులు పశువు రక్తంలోకి పోయి జ్వరం తెస్తాయి, మూత్రం ఎర్రగా వస్తుంది. మనుషుల్లో తను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఒక్క ఊళ్లోనే పదకొండు మంది పసిపిల్లల్లో చూస్తున్నాడు.

పోస్టుకార్డు గుర్తొచ్చింది. పెన్ను మూత నోట్లో పెట్టుకుని గబగబా రాసుకుంటున్నాను. అప్పుడాయన ఇంకో మాట కూడా అన్నాడు.

"కణాలు మరీ చిన్నగున్నయి. మనిషి రక్తంల గింత చిన్నగ ఉండవు. పదకొండింట్లనూ ఒక్క తీరుగనే ఉన్నది. జర ఆగు, ఇంకోసారి రక్తం తెప్పించి చూస్త."

దాన్ని కూడా రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ నా నోటుబుక్కులో ఉంది. పత్రికలో లేదు. వార్త రాస్తున్నప్పుడు దాన్ని ఎక్కడ పెట్టినా అందం చెడింది. పైన పెడితే వార్తే లేదు. కింద పెడితే నీరసంగా ఉంది. చివరికి తీసేశాను. అంతటితో ఆగానా, లేదు. రిజిస్టరు చూసి పదకొండు మంది తండ్రుల పేర్లూ వరసగా రాశాను. ఇప్పుడైతే ఎవరూ అట్లా రాయరు. అప్పట్లో మాకు ఆ బుద్ధి లేదు, పేర్లుంటే వార్తకు బలం అనుకునేవాళ్లం.

ఆ కవరు తిరిగి రాలేదు. మంగళవారం పొద్దున మొదటి పేజీలో, నాలుగు కాలమ్‌ల శీర్షికతో వచ్చింది. పసిపిల్లల రక్తంలో పశువుల జ్వరం. బోధన్ బస్టాండులో పేపరు చదువుతున్న ప్రతివాడూ ఒక చేత్తో పేపరు పట్టుకుని రెండో చేత్తో గోక్కుంటున్నాడు. హోటల్లో నాకు టీ ముందుగా వచ్చింది. మధ్యాహ్నానికి ఇంకో కబురొచ్చింది. గురువారం ఆఫీసరు స్వయంగా ఆ ఊరి బడికి వస్తున్నాడు, పదకొండు మంది పిల్లలకూ గట్టి మందు పట్టిస్తాడు.

బుధవారం నేను ఆ ఊరు పోయాను. నిజం చెప్పాలంటే పొగడ్తల కోసం పోయాను. పేపరు చంకలో, శీర్షిక బయటికి కనిపించేట్టు పెట్టుకున్నాను.

ఊరంతా వేపాకు పొగ. పిల్లల తలల్లో గోమార్లుంటే కనిపించాలని మంగలిని పిలిపించి, పదకొండు మందికీ గుండ్లు గీయించారు. ఎక్కడ చూసినా అరుగుల మీద నున్నటి చిన్న గుండ్లు మెరుస్తున్నాయి. జాబితాలో మొదటి పేరున్న ఇంటికి పోయాను. వాకిట్లో ఒక అవ్వ, ఒళ్లో ఎనిమిది నెలల మనుమరాలు. కొడుకూ కోడలూ చెరుకు తోటకు పోయారు. నేనెవరో చెప్పాను. అవ్వ నన్ను తల నుంచి కాళ్ల దాకా, కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"నువ్వేనా బిడ్డా రాసింది? మరి ఒక్కటి చెప్పు. మా పిల్ల వేలు ఇప్పటిదాంక ఎవ్వడు ముట్టలే. దీని రక్తం నిజామాబాద్ ఎట్ల పోయింది?"

జరం సారు తీసుకుపోయాడు కదా అన్నాను. ఆ సారు వచ్చింది నిజమే, గోడ మీద తారీఖు వేసింది నిజమే, మజ్జిగ తాగింది కూడా నిజమే అంది అవ్వ. పిల్ల వేలు అడిగితే మాత్రం తను ఇవ్వలేదు. పాపం, మళ్లీ మళ్లీ బతిమిలాడాడు. విసుగొచ్చి, రక్తమే కావాల్నంటే గా కొట్టంల దూడ ఉన్నది, దానిది తీస్కపో అని తిట్టిందట. తిట్టి, తలుపేసుకుని లోపలికి పోయింది.

పేపరు చంకలోంచి తీసి మడిచి జేబులో పెట్టుకున్నాను.

మిగతా పది ఇళ్లూ తిరిగాను. ఎవరి పిల్లనూ ఎవరూ పొడవలేదు. తిరిగొచ్చి అవ్వ కొట్టంలోకి తొంగిచూశాను. ఎర్రటి జెర్సీ దూడ, తల నేలకానించి పడుకుని ఉంది. చెవుల్లోపల గింజల్లా గోమార్లు. కింద గడ్డి మీద తడి టీ డికాషను రంగులో ఉంది. మూడు రోజులనుంచి మేత ముట్టడం లేదని అవ్వ చెప్పింది. ఒక చెవి అంచున, సూదితో పొడిచిన చిన్న నల్లటి చుక్క.

అక్కడితో కథ ముగిస్తే నవ్వుకుని ఇంటికి పోవచ్చు. కాని వాకిట్లోకి వచ్చి పోయొస్తానంటూ అలవాటుగా పిల్ల బుగ్గ ముట్టుకున్నాను. చెయ్యి కాలింది. జ్వరమా అని అడిగాను. రోజు విడిచి రోజు వస్తుంది, పండ్లు వస్తున్నయి కద, అంది అవ్వ. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. గుండు కింద ముఖం మరీ చిన్నగా కనిపించింది.

సాయంత్రం సైకిల్ షాపు దగ్గర వర్కరును పట్టుకుని హోటలుకు తీసుకుపోయాను. నేను నోరు తెరవకముందే ఆయన ముఖం చెప్పేసింది. అవ్వ తిట్టిందన్న కోపంతో కాదు అన్నా, అన్నాడు. కాసేపు అరుగు మీద కూర్చున్నాడట. దూడ కూడా ఆయన్నే చూస్తోందట. దాని వయసూ ఎనిమిది నెలలే. పొడిస్తే ఏడవలేదు, చెవి ఆడించిందంతే. ఒక్క చెవితో పదకొండు స్లైడ్లు అయిపోయాయి. రిజిస్టరు చూసి పదకొండు పేర్లూ ముత్యాల్లా రాశాడు. ల్యాబులో రోజుకు వందల స్లైడ్లు చూస్తారు, అన్నింటికీ ఏమీ లేదనే రాస్తారు, వీటికీ అదే రాస్తారనుకున్నాడు.

"మంచి జాతి దూడ అన్నా. దానికి రోగముంటదని నేనెట్ల అనుకుంట?"

ఇద్దరం చల్లారిన టీల ముందు కూర్చున్నాం. చెప్తే ఆయన ఉద్యోగం పోతుంది. చెప్తే నా మొదటి పేజీ పోతుంది, బహుశా దానితో పాటు నాలుగో పేజీ కూడా. చెప్పకపోతే రేపు పదకొండు మంది పసిపిల్లలు లేని రోగానికి గట్టి మందు తాగుతారు. పదకొండు కాదన్నా, పది, అన్నాడాయన. అవ్వ మనుమరాలిది నిజం జ్వరమని ఆ రోజే అనుమానమొచ్చిందట. దూరంనుంచే పిల్ల ముఖం చూస్తే తెలిసింది. అసలు తీయాల్సిన స్లైడు అదొక్కటే. అదే తీయలేదు. దాని పేరు మీద దూడ రక్తం పంపాడు. ఈ మాట అంటున్నప్పుడు ఆయన కప్పులోకి చూస్తున్నాడు.

రేపు ఆఫీసరును పక్కకు పిలిచి మెల్లగా చెప్దామని ఇద్దరం తీర్మానించుకున్నాం. ఎవరు చెప్పాలన్నది మాత్రం తీర్మానించుకోలేదు.

గురువారం పొద్దున జీపు వచ్చింది. ఆఫీసరు దిగాడు. స్టూలు మీది ఆయన మైక్రోస్కోపు పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని దిగాడు. గోమార్ల సంగతి కాబట్టి బోధన్ పశువుల డాక్టరును కూడా వెంట తెచ్చారు. బడి వరండాలో తల్లులూ అవ్వలూ వరసగా కూర్చున్నారు, ఒళ్లల్లో పదకొండు గుండ్లు. ఊరి మగవాళ్లంతా గోడల మీద. ఆఫీసరు నా భుజం తట్టి, ఈ యువకుడి కలమే లేకపోతే అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు మాట్లాడాడు. నాకు గోడవతల దూకాలనిపించింది.

పొగడ్త అయ్యాక ఆయన పశువుల డాక్టరు వైపు తిరిగి, ఈ ఊళ్లో గోమార్లు పట్టిన పశువులు ఏవైనా ఉన్నాయా అని అడిగాడు. డాక్టరు నొచ్చుకున్నాడు. ఈ ఊళ్లో తన జెర్సీ దూడ ఉందనీ, ఈ చుట్టుపక్కల ఆవుకు సూది వేయించి పుట్టించిన మొదటి దూడ అదేననీ, దాన్ని కొడుకులా చూసుకుంటున్నాననీ చెప్పాడు. జేబులోంచి దాని తండ్రి ఫోటో తీసి చూపించాడు. పెద్ద ఆబోతు, మెడలో పతకం.

ఎవరు చెప్పాలన్నది అప్పుడు తేలింది. నేను చెప్పులు చూసుకుంటున్నాను. వర్కరు మైక్రోస్కోపు ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ దూడదే సార్ రక్తం, అన్నాడు. పదకొండూ దానివే.

గోడ మీదినుంచి ఎవరో మెల్లగా నవ్వారు, తర్వాత ఇంకొకరు, తర్వాత ఊరంతా. స్టూలు మీది ఆయన మాత్రం నవ్వలేదు. కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలి, కణాలు చిన్నగున్నయని చెప్పిన గద అని నావైపు చూశాడు. ఆదివారం గొంతుతో అన్నాడు. ఆఫీసరు ముఖం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఉర్దూలో నాలుగు మాటలన్నాడు, అవి అచ్చువేయలేను. సామాను జీపులో పెట్టమన్నాడు. వర్కరుతో, సైకిలూ సంచీ ఇక్కడే వదిలి నడిచి ఇంటికి పొమ్మన్నాడు. తల్లులు లేచి కొంగులు సర్దుకుంటున్నారు. అవ్వ మనుమరాలిని భుజాన వేసుకుంది. పిల్ల తల వాలిపోయి ఉంది.

అప్పుడు వర్కరు చేసిన పని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. మజ్జిగ వద్దనడం కూడా చేతకాని మనిషి, జీపు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"నన్ను పంపుండ్రి సార్. పంపేదుంటే పంపుండ్రి. దూడ రక్తం అబద్ధం గని, గా పిల్ల జరం అబద్ధం కాదు. ఒక్క సుక్క తీసి సూసి పోండ్రి."

ఆఫీసరు ఆయన్ని తప్పించి ఎక్కబోయాడు. నేను కూడా ఏదో అన్నాను. నిన్న పిల్లను ముట్టుకున్నాననీ, కాలుతోందనీ అన్నట్టు గుర్తు. పొగడ్తల తర్వాత నేనన్న మొదటి నిజం అది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పనిచేసింది అవ్వ మాట. ఆమె వెనక్కి వచ్చి, వరండాలో మళ్లీ కూర్చుంది. పిల్లను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, ఆ చిన్న వేలును రెండు వేళ్ల మధ్య పట్టుకుని ముందుకు చాచింది.

"రా సారూ. దూడ మీద సెయ్యి నేర్సుకున్నవు గద. ఇగ మనుషులను పొడువు."

ఊరు మళ్లీ నవ్వింది. వర్కరు నవ్వలేదు. స్పిరిటు దూది రెండుసార్లు కింద పడేశాడు. పొడిచాడు. పిల్ల ఏడ్చింది, గట్టిగా కాదు, ఓపిక లేని ఏడుపు. అవ్వ ఇచ్చిన తర్వాత మిగతా తల్లులు ఇవ్వక తప్పలేదు. ఒకామె, మా వాడిది కూడా తీయి సారూ, ఊకెనే గుండు గీయించినమా అంది. పదకొండు స్లైడ్లూ నిండాయి. ఆయన ఉద్యోగంలో మొదటిసారి, ఉద్యోగం పోయిన ఐదు నిమిషాలకు.

స్టూలు లేదు కాబట్టి ల్యాబ్ ఆయన బడి కుర్చీ మీద రెండు ఎక్కాల పుస్తకాల కట్టలు వేసుకుని కూర్చున్నాడు. స్లైడ్లు ఆరాలి, రంగు పట్టాలి. ఆ సందులో పశువుల డాక్టరు కొట్టానికి పరుగెత్తాడు. దూడ చెవినుంచి ఒక చుక్క తెచ్చి, దీన్ని కూడా చూడండి, అన్నీ ఒకేసారి తేలిపోతాయన్నాడు. దాని మీద పేరు రాయాలి కదా అన్నాడు ల్యాబ్ ఆయన, నియమం తప్పని మనిషి. వయసు, ఎనిమిది నెలలు. ఇంటి నంబరు, అవ్వ ఇంటిదే. తండ్రి పేరు దగ్గర ఆగాడు. డాక్టరు ఫోటో మళ్లీ తీశాడు.

మైక్రోస్కోపు అద్దం మీదికి ఎండ పడింది. ఆ రోజు ఆకాశంలో మబ్బు లేదు. దూడ స్లైడు ఒక్క క్షణం చూసి పక్కన పెట్టాడు. జామకాయలే. అవ్వ మనుమరాలి స్లైడు పెట్టి చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపు చూశాడు. స్లైడును ఇటు జరిపాడు, అటు జరిపాడు. వర్కరు వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు కూడా జీపులోంచి దిగి వచ్చి, అడగకుండా, వెనక నిలబడ్డాడు.

ల్యాబ్ ఆయన తల ఎత్తకుండానే నన్ను పిలిచాడు. ఈసారి కనురెప్పలు కాదు, లోపలికి చూడు, అన్నాడు. చూశాను. గులాబీ రంగు గుండ్రటి కణాలు. వాటిలో కొన్నింట్లో, ఊదారంగు రాయి పొదిగిన సన్నటి ఉంగరాలు. చాలానే ఉన్నాయి. మలేరియా. ఆ ఊరి దోమ కుట్టిందే. ఇంకో వారం పండ్ల మీద తోసేసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమని ఆయన చాలా మెల్లగా అన్నాడు. మిగతా పది మందికీ ఏమీ లేదు, గుండ్లు తప్ప.

మాత్ర నూరి బెల్లం నీళ్లలో కలిపి, పిల్ల ముక్కు పట్టి పోసింది వర్కరే. ఆ తర్వాతి మాత్రలకు రెండు పూటలా పదిహేను మైళ్లు సైకిల్ తొక్కి వచ్చి తనే పోశాడు, అవ్వ పోయగలదని తెలిసి కూడా. అటు కొట్టంలో డాక్టరు దూడ మెడ నరంలోకి నీలంమందు ఎక్కించాడు. మర్నాటికి దూడ లేచి నిలబడింది. దాని చిగుళ్లూ కళ్ల అంచులూ కొన్నాళ్లపాటు నీలిరంగులోనే ఉన్నాయి. పక్క ఊళ్లవాళ్లు వచ్చి నోరు తెరిచి చూసి పోయేవారు.

వర్కరు ఉద్యోగం పోలేదు. ఆఫీసరు దయతో కాదు. తీసేయాలంటే కాగితం మీద కారణం రాయాలి. ఏమని రాయాలి? మా ల్యాబులో దూడకు పసిపిల్ల పేరు మీద జ్వరం కనిపెట్టాం, ఊరంతా పోయి గుండ్లు లెక్కబెట్టి వచ్చాం అని రాయాలి. ఆఫీసరు రెండు రోజులు కలం పట్టుకుని కూర్చుని, చివరికి, ఎండకు తట్టుకోలేకపోతున్నాడు కాబట్టి జక్రాన్‌పల్లి వైపు మార్చడమైనది అని రాశాడు. జక్రాన్‌పల్లిలో ఎండ తక్కువని ఎవరు చెప్పారో తెలియదు. అక్కడ ఆయన మజ్జిగ మానేశాడని విన్నాను. పసిపిల్లల స్లైడ్లలో జిల్లాకంతా ఆయన డబ్బాయే ముందుండేదని ల్యాబ్ ఆయన ఒక మబ్బు పట్టిన రోజు చెప్పాడు. పైగా ప్రతిదీ మనిషిదే, అన్నాడు.

ఇక నా సంగతి. గురువారం మధ్యాహ్నమే మొత్తం రాసి పంపాను. నా తప్పుతో సహా, ఈసారి ఒక్క వాక్యం తీయకుండా, ఐదు పేజీలు. వారం తర్వాత నాలుగో పేజీ అడుగున, తలనూనె ప్రకటన నెత్తిన, సవరణ అనే చిన్న శీర్షిక కింద నాలుగు వరుసలు వచ్చాయి. పిల్లలకు పశువుల జ్వరం లేదని తేలింది. రక్తం ఒక దూడది. ఒక శిశువుకు మలేరియా ఉన్నట్టు కనుగొని మందు ఇచ్చారు. శిశువు కోలుకుంటున్నది. మర్నాడు పోస్టుకార్డు వచ్చింది. చెరుకు బండ్లే పంపు, అని.

నాలుగు కాలమ్‌ల తప్పును నాలుగు వరుసలతో దిద్దలేం. మీరు ఎప్పుడైనా ఒక వాక్యం అందం చెడగొడుతోందని తీసేయబోతే, చెయ్యి ఆపి, ఎందుకు తీస్తున్నానని మిమ్మల్ని మీరే ఒకసారి అడగండి. నాకు తెలిసింది ఇంతే. ఇది నేర్చుకోవడానికి ఒక దూడా పదకొండు గుండ్లూ కావాల్సి వచ్చాయి.

దీపావళి అయ్యాక ఒకరోజు అవ్వ కబురు పెట్టింది. పేపర్లో ఏమేమి వచ్చిందో తెచ్చి చదవమంది. కత్తిరింపుల పుస్తకం తీసుకుని పోయాను. పిల్ల వాకిట్లో నిలబడడానికి అరుగు పట్టుకుని కుస్తీ పడుతోంది, గుండు మీద నల్లటి నూగు మొలిచింది. దూడ కొట్టంలోంచి నీలం చిగుళ్లతో నన్ను చూసింది. మొదటి పేజీ వార్త మొత్తం చదివాను. అవ్వ ఎక్కడా అడ్డు రాకుండా వింది.

"ఇండ్ల నిజమెంత?"

"రోగం నిజం అవ్వా. దూడకు."

"అయితే ఇది దూడది" అని చెయ్యి చాచింది. పీకి ఇచ్చాను. పొయ్యి మీద గంజి వేడిగానే ఉంది. కొట్టంలోకి పోయి, గుంజకు, దూడ మొహానికి ఎదురుగా అంటించి, అరచేత్తో నున్నగా రుద్దింది.

తిరిగొచ్చి, ఇంకోటేదో వచ్చిందట కద అని అడిగింది. సవరణ తీసి చదివాను. నాలుగు వరుసలు కాబట్టి కూర్చునేలోపే అయిపోయింది. ఇంత చిన్నగ ఉన్నదేందని కాగితం తిప్పి వెనక చూసింది. వెనక ఇంకేదో ప్రకటనలో ముక్క ఉంది.

"ఇండ్ల మా పిల్ల ఉన్నదా?"

ఉంది అవ్వా, కాని పేరు వేయలేదు, అన్నాను. ఈ ఒక్క విషయంలోనైనా నేను తప్పు చేయలేదని చెప్పుకోబోతున్నాను. అవ్వ వినిపించుకోలేదు. రేషన్ కార్డు ఉంచే రేకు డబ్బా తెచ్చి, ఆ కాగితం ముక్కను రెండు మడతలు పెట్టి అందులో వేసి మూత నొక్కింది.

"పేరెందుకు బిడ్డా. పిల్ల ఉన్నది గద."